బావ పంపిన ఎర్రనాచు

మా పెళ్ళయిన ఎనిమిదో ఏడు దాకా నా భర్త గల్ఫ్‌లో ఏం పని చేస్తాడో నాకు సరిగ్గా తెలియదు. సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో సూపర్‌వైజర్ అని అందరికీ చెప్పుకునేవాళ్ళం. ఆయన నాకు స్వయానా మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి బావ అనే పిలుపు, పెళ్ళయ్యాకా అదే మిగిలింది. మహమ్మద్‌నగర్ దగ్గర వాళ్ళ ఊరు. అక్కడి నుంచి గల్ఫ్ పోయినవాళ్ళను ఏం పని అని గుచ్చి గుచ్చి అడిగే అలవాటు ఎవరికీ లేదు. పోయాడు, వస్తాడు, అంతే. బావ రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్ళేవాడు. మాకు పిల్లలు కలగలేదు.

నేను వృక్షశాస్త్రం చెప్తాను. సోమ, మంగళ, బుధవారాలు ఎల్లారెడ్డి కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. మిగతా మూడు రోజులు కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీ. కామారెడ్డి స్టేషన్ వెనక మేడ మీద గది తీసుకుని ఉంటాను. కిటికీ తీస్తే రైళ్ళు వచ్చేదీ పోయేదీ మైకులో చెప్పడం వినిపిస్తుంది. మూడు భాషల్లో ఏదో ఒక ఊరి పేరు. మొదట్లో ఆ గొంతు చిరాకుగా ఉండేది. తర్వాత తర్వాత ఆదివారాలు అదొక్కటే గదిలోకి వచ్చే మనిషి గొంతు అయింది. ఆదివారం పొద్దున పాలవాడితో నాలుగు మాటలు మాట్లాడితే, మళ్ళీ నోరు తెరిచేది సోమవారం బస్సులో ఆధార్ కార్డు చూపించి "ఎల్లారెడ్డి ఒకటి" అనేటప్పుడే. ఒక్కోసారి ఆ మాట గొంతులో పట్టేసి దగ్గు వచ్చేది.

బావకు వారంలో ఒక్క సెలవు, మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ నేను ఎల్లారెడ్డి కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేసరికి వీడియో కాల్ వచ్చేది.

"తిన్నవా?"

"తింటున్న. నువ్వు?"

"తిన్న. వానలున్నయా?"

"లెవ్వు."

"ఇంకేంది?"

"ఏం లేదు. నువ్వే చెప్పాలె."

ఆ తర్వాత ఇద్దరం ఊరుకునేవాళ్ళం. ఫోన్ ఎటో వాలిపోయి నాకు వాళ్ళ గది ఫ్యాన్ కనిపించేది. ఆయనకు నా ల్యాబ్ పైకప్పు కనిపిస్తుండేది కాబోలు. ఇద్దరిలో ఎవరో ఒకరు "సరే మరి" అనేదాకా అట్లాగే ఉండేవాళ్ళం. గొడవలు లేవు, కోపాలు లేవు. మాట్లాడుకోవడానికి ఒక వస్తువంటూ లేకుండా పోయింది.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక మంగళవారం ఎర్రనాచుల పాఠం వచ్చింది. ల్యాబ్‌లో ఒకే ఒక్క నమూనా ఉంది, ఎప్పుడో ఎవరో తెచ్చి మందునీళ్ళ సీసాలో వేసి పెట్టింది. దాన్ని బల్ల మీద పెట్టి చెప్తుంటే ముందు వరస అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, ఎర్రనాచు అంటున్నరు. గిదేమో ఉడకబెట్టిన సేమ్యా లెక్క తెల్లగున్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఎరుపు నీళ్ళలో కరిగిపోయే రంగు, సీసాలో ఎన్నాళ్ళో ఉంటే వెలిసిపోతుంది అని చెప్పాను. ఆ పిల్ల అంతటితో వదలలేదు. "మరి మీరు ఎర్రగున్నది చూసిండ్రా మేడం?" అంది.

చూశాను. ఎమ్మెస్సీ చివర్లో ప్రాజెక్టు కోసం తమిళనాడులో సముద్రం పక్కన ఒక చిన్న ల్యాబ్‌లో నాలుగు నెలలున్నాను. భాష రాదు. వంటామెతో సైగలే. అయినా ఆ నాలుగు నెలలు ఒంటరిగా అనిపించినట్టు గుర్తు లేదు. సన్నటి తీగల్లాంటి ఎర్రనాచును తొట్లలో పెంచేదాన్ని. పది రోజులు పోషకాలు లేని సముద్రపు నీళ్ళలో ఉంచి, ఆకలి మీదున్నప్పుడు కొలిచి అమ్మోనియా ఇచ్చి, పది నిమిషాలకోసారి నీళ్ళు తీసి ఎంత మిగిలిందో చూడాలి. మొదటి గంటలో అది తాగినంత వేగంగా ఇంకెప్పుడూ తాగదు. నా లెక్కలు తప్పాయేమోనని మొదటిసారి మళ్ళీ మళ్ళీ కొలిచాను. తర్వాత నెమ్మదిస్తుంది. లోపల దాచుకోవాల్సినంత దాచుకుంటుంది, కొంత కణం మధ్యలో ఉండే నీటి సంచిలో, కొంత మాంసకృత్తులుగా, కొంత తన ఎర్ర రంగులోనే. పది రోజుల్లో గడ్డిరంగుకు దిగిన తీగలు మళ్ళీ ఎర్రబడుతుంటే పొద్దున లేవగానే తొట్ల దగ్గరికి పరుగెత్తేదాన్ని. ప్రాజెక్టు అయిపోయింది, మార్కులు వచ్చాయి, పెళ్ళయింది. మళ్ళీ సముద్రం మొహం చూడలేదు.

క్లాసు అవ్వగానే బావ ఫోన్ వచ్చింది. తిన్నవా, తిన్న అయ్యాక, ఆ రోజు చెప్పడానికి నా దగ్గర ఒకటి ఉంది కదా అని అదంతా చెప్పాను. సీసా, సేమ్యా, తొట్లు, మొదటి గంట. ఎప్పుడూ లేనంత సేపు మాట్లాడాను. చివర్న, "బావా, మీ హోటల్ సముద్రం ఒడ్డుకే గదా. ఎర్రనాచు కనవడ్తదా? కనవడితే ఒక ఫొటో పంపరాదు, మా పిల్లలకు చూపిస్త" అన్నాను.

బావ మొహం అదోలా అయింది. "సిగ్నల్ సక్కగ లేదు" అని పెట్టేశాడు.

తర్వాతి మంగళవారం ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. "పనిల ఉన్న" అని మెసేజ్. ఏం తప్పు మాట్లాడానా అని వారమంతా వెతుక్కున్నాను. బస్సు లింగంపేట దాటేటప్పుడు, గదిలో బియ్యం కడిగేటప్పుడు, అదే. ఆ పై మంగళవారం ఆయనే చేశాడు. ఆరుబయట ఎక్కడో గోడ నీడన నిలబడి ఉన్నాడు.

"నేను సూపర్‌వైజర్‌ను గాదు," అన్నాడు ఎత్తగానే.

"మరి?"

"నాచు గీక్త."

నాకు సరిగా వినపడలేదనుకున్నాను.

"పొద్దుగాల అయిదింటికి ఒడ్డు మీదికి పోవాలె. రాత్రి కొట్టుకొచ్చిన నాచు దంతెతోని గీకి, కుప్పలు చేసి, ట్రాలీల ఎత్తాలె. హోటలోళ్ళు లేచి వచ్చేసరికి ఇసుక మీద ఒక్క పోగు ఉండొద్దు. వచ్చిన కాడి నుంచి నా పని గదే. మొన్న నువ్వు గంత సంబురంగ చెప్తుంటే నాకు సిగ్గయింది. నువ్వు చదువుకున్నదాన్ని నేను కంపు అని ముక్కుకు గుడ్డ కట్టుకొని పారబోస్త."

ఎనిమిదేళ్ళు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయన అరచేతులు పగిలి ఉండేవి. హోటల్ సబ్బుల వల్ల అనుకుని కొబ్బరినూనె రాసేదాన్ని. అది ఉప్పు. ఆ సంగతి నాకు తర్వాత తట్టింది. ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఎర్రది గూడ ఉంటదా బావా?"

ఆయన ఒక్క నిమిషం చూసి నవ్వాడు. ఫోన్‌లో ఆయన అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "ఉంటది. గోధుమ రంగుది ఎక్కువ, ఎర్రది తక్కువ. రేపు చూపిస్త" అన్నాడు. పెట్టేశాక, ముందు ఆయన చేతుల గురించి అడగాల్సిందని సిగ్గుపడ్డాను. ఆ సాయంత్రం ఫోన్ చేసి అడిగాను. "ఏం గాలేదు, అలవాటయింది" అన్నాడు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున ఫొటోలు. నేను ఎల్లారెడ్డి బస్సులోనో, కామారెడ్డి గదిలో స్టవ్ ముందో ఉండగా ఫోన్ మోగేది. ఇసుక మీద ఒక పిడికెడు నాచు, పక్కన కొలతకు ఆయన చెప్పు. "ఇది ఎర్రదేనా?" కాదు బావా, గోధుమది. "ఇది?" ఇది ఎర్రదే. "ఇది పచ్చగున్నది గదా?" అదీ ఎర్రదే, ఆకలి మీదున్నది. ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. మనిషిది ఏ కులమో అడిగినట్టు అడుగుతున్నావని ఏడిపించాను. నెల తిరిగేసరికి నన్ను అడగకుండానే చెప్పగలిగే స్థితికి వచ్చాడు.

ఒక మంగళవారం ఫోన్ చేసి, "ఒకటి కనిపెట్టిన" అన్నాడు. "హోటల్ వాడిన నీళ్ళు శుద్ధి చేసి ఒక పైపుల సముద్రంలకు ఇడుస్తరు. గా పైపు కాడ రాళ్ళకున్న ఎర్రనాచు నల్లద్రాక్ష లెక్క ఉంటది. అదే రకం దూరంల రాళ్ళ మీద పీలగ, ఎండుగడ్డి లెక్క ఉంటది. రెండు ఒక్కటే, నేను మంచిగ చూసిన. గట్లెందుకు?"

నేను తింటున్న డబ్బా మూత పెట్టేశాను. నా ప్రాజెక్టు రోజుల్లో మా గైడు అడిగిన ప్రశ్న అది.

"దానికి వేర్లుండవు బావా. రాయిని పట్టుకున్నది వేరు లెక్క కనవడ్తది గని, అది పట్టుకోనికే. ఒళ్ళంత తాగుతది. పైపు నీళ్ళల్ల నత్రజని ఉంటది. మనం వరికి యూరియా చల్లుతం సూడు, గండ్ల ఉన్నదే."

"యూరియా ఏస్తే వరి నల్లవడ్తది."

"ఆఁ, గట్లనే. గిది ఎక్కువ దొరికినప్పుడు ఎర్ర రంగు చేసుకొని అండ్ల దాస్కుంటది. గా రంగుతోని ఎండను పట్టుకుంటది, అవసరమయితే తింటది. దొరకని కాడ ఆ రంగును ఇరగ్గొట్టుకొని బతుకుతది. అందుకే పీలగయితది."

"తన రంగు తానే తింటదా?"

"తింటది."

"ఎన్ని రోజులు గట్ల?"

"సన్నటిది కొన్ని రోజులే. మందంగున్నది వారాలు ఓర్చుకుంటది. ఎదగదు గని, చావదు."

"మరి ఎండ ఉంటది గదా, ఎండ తిని బతకరాదా?" అని ఆయనే అడిగాడు. ఎండతో పిండి చేసుకుంటుంది, నత్రజని లేనప్పుడు ఆ పిండి లోపల పేరుకుంటుంది, దాంతో ఒళ్ళు కట్టుకోలేదు అని చెప్పాను. బియ్యం ఉండి పప్పు లేనట్టా అన్నాడు. అట్లాగే అన్నాను. గంట కొట్టారు. పిల్లలు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేను ఫోన్ పెట్టలేదు, ఇంకో ఐదు నిమిషాలు వాళ్ళను నిలబెట్టాను.

బావ అక్కడితో ఆగలేదు. క్యాంపులో స్నానాల గది పక్కన రెండు పెయింట్ బకెట్లలో ఎర్రనాచు వేసి పెట్టాడు. రోజూ సముద్రపు నీళ్ళు మార్చేవాడు. ఒకదాంట్లో వట్టి నీళ్ళు, రెండోదాంట్లో రోజుకో కప్పు చేపలు కడిగిన నీళ్ళు. గదిలో వాళ్ళు నవ్వారట, నీ పెండ్లాం పరీక్షకు నువ్వు చదువుతున్నవా అని. చలికాలం కాబట్టి కుళ్ళలేదు. పది రోజులకు వట్టి నీళ్ళ నాచు వెలిసిపోయింది. అందులోంచి సగం తీసి రెండో బకెట్‌లో వేశాడు. మూడో రోజున "కొసలు ఎర్రవడ్డయి సూడు, కొసలు!" అని అరిచినట్టే మెసేజ్ పెట్టాడు. నేను కామారెడ్డి కాలేజీ మెట్ల మీద నిలబడి ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నిజమే, కొసలు ఎర్రబడ్డాయి. ఎవరికైనా చూపించాలనిపించింది. చుట్టూ చూస్తే ప్యూన్ ఒక్కడే ఉన్నాడు. ఫోన్ బ్యాగులో వేసుకున్నాను. వాసన వస్తుందని వారం తర్వాత గదివాళ్ళు గొడవ చేస్తే బకెట్లు పారబోయాల్సి వచ్చింది.

ఆరబెట్టి పంపించమని అడిగాను. ఎట్లా చెయ్యాలో చెప్పాను. మంచినీళ్ళలో కడగొద్దు, రంగు పోతుంది. పళ్ళెంలో సముద్రపు నీళ్ళు పోసి నాచును తేలనిచ్చి, కిందినుంచి కాగితం తోసి మెల్లగా ఎత్తాలి. పైన బట్ట పరిచి, పేపర్ల మధ్య పెట్టి బరువు పెట్టాలి. ఆయన సరేనన్నాడు.

జనవరి చివర్లో బావ గదిలో ఉండే ఒకతను సెలవుకు వచ్చాడు. వాళ్ళది దోమకొండ. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. ఇల్లంతా జనం. మంచం మీద కొత్త దుప్పట్లు, ఖర్జూరం డబ్బాలు, అత్తరు వాసన. అతని కూతురు మెడ పట్టుకుని దిగడం లేదు. నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. అతను సూట్‌కేసు అడుగు నుంచి పెట్టుబడి చీరలా మడిచిన పొట్లం తీశాడు.

"అక్కా, అన్న దీన్ని పరుపు కింద పెట్టి పది రోజులు దాని మీదనే పండుకున్నడు. పక్కకు ఒత్తిగిలితే ఎక్కడ మడత పడ్తదోనని సక్కగ పండుకుంటుండె. ఎయిర్‌పోర్టుల గిదేందని అడిగిండ్రు. మందాకు అని చెప్పిన."

"మంచిపని చేసినవ్ తమ్మీ."

అతని భార్య చాయ్ గ్లాసులు తీసుకుంటూ, "మీ ఆయన ఎప్పుడొస్తడక్కా?" అంది.

"వచ్చే ఏడు."

"అయ్యో" అని, అంతలోనే ఏదో గుర్తొచ్చి మొగుడితో, "ఉల్లిగడ్డ తెమ్మంటే మరిచినవా?" అంది. అతను ఆమె వైపు చూడకుండానే "తెస్త తియ్యి" అన్నాడు. ఆమె కూడా చూడలేదు. ఆ రెండు మాటల్లో ఎంత తీరిక ఉందో! మాకు ఎప్పుడూ అట్లా మాట్లాడుకునే వీలు దొరకలేదు. బావ వచ్చిన రెండు నెలలూ ఒకరి మొహం ఒకరు చూస్తూ, చుట్టాలకు మర్యాదలు చేసినట్టే చేసుకుంటాం. భోజనం చేసి వెళ్ళమని పట్టుబట్టారు. బస్సుందని చెప్పి లేచాను. బస్సు గంట తర్వాత గాని లేదు. స్టాపులో ఒక్కదాన్నే పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బస్సులో విప్పాను. పైన అరబ్బీ పేపరు, లోపల మలయాళం పేపరు, మధ్యలో ఆరు కాగితాలు. ఒకదానికి బూజు పట్టింది. తక్కిన ఐదు చక్కగా ఉన్నాయి. ముదురు ఎరుపు తీగలు కొమ్మ కొమ్మా విడిపోయి, కాగితానికి అంటుకుని. కింద మూలన పెన్సిల్‌తో బావ రాశాడు. "పైపు కాడ." "దూరం." "పైపు కాడ." బడి రోజుల తర్వాత ఆయన చేతిరాత నేను చూడలేదు. పెళ్ళయ్యాక నాకు ఒక్క ఉత్తరం రాసింది లేదు, ఫోన్లుండగా ఎవరు రాస్తారు? "దూరం" అన్న కాగితం మీద నాచు లేత గడ్డి రంగులో ఉంది. కామారెడ్డి వచ్చేదాకా ఆ అక్షరాలే చూస్తూ కూర్చున్నాను.

వాటిని ఎల్లారెడ్డి తీసుకుపోయాను. పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు. ఎవరు పంపారు మేడం అంటే, మా ఆయన, అక్కడ ఒడ్డున నాచు ఎత్తే పని చేస్తాడు అని చెప్పాను. క్లాసులో సగం మంది ఇండ్లల్లో గల్ఫ్‌లో ఎవరో ఒకరున్నారు. ఒక పిల్ల మాత్రం, "మా బాపు ఏం పని చేస్తడో నేనెన్నడు అడగలే" అని పక్క పిల్లతో అనడం వినపడింది.

మార్చి వచ్చేసరికి అక్కడ నీళ్ళు వేడెక్కాయి. ఎర్రనాచు మొదట పలచబడింది, తర్వాత కనబడకుండా పోయింది. ఒడ్డుకు గోధుమది కూడా తగ్గింది. ఫొటోలు రెండు రోజులకొకటి అయ్యాయి, వారానికొకటి అయ్యాయి. "ఇయ్యాల ఏం లేదు" అని మెసేజ్ పెట్టేవాడు. ఏప్రిల్‌లో ఒక మంగళవారం బావ చాలా హుషారుగా ఫోన్ చేశాడు.

"నాకు పని మారింది. సముద్రానికి దూరంగ, లోపటికి, పెద్ద గోదాము. ఏసీల పని. స్టోర్ల మనిషిని. సరుకులు లెక్క చూసి దించుకునుడే. ఇగ నాచు గీకుడు లేదు, కంపు లేదు. చేతులు గూడ మంచిగయితయి."

"మంచిదే బావా. శాన మంచిది" అన్నాను.

మంచిదే. ఎండలో, ఉప్పులో వంగి వంగి అంత కాలం చేసిన మనిషికి నీడ దొరికింది. నేను సంతోషించాల్సిన మాట అది, సంతోషించాను కూడా. ఆ సాయంత్రం గదికి వచ్చి బీరువాలోంచి ఆ ఐదు కాగితాలు తీసి చూడబోయి, తీయకుండానే తలుపు వేశాను. ఎందుకు ఏడుపు వచ్చిందో నాకే సరిగా అర్థం కాలేదు. సముద్రం ఆయనకు కష్టం, నాకు మాట. ఈ సంగతి ఆయనతో ఎట్లా చెప్పను? చెప్పలేదు.

కొత్త పనిలో సెలవు శుక్రవారం. ఆ రోజు నేను కామారెడ్డిలో ఉంటాను. స్టాఫ్‌రూం నిండా మనుషులుంటారు కాబట్టి కాలేజీ మేడ పైకి పోయి నీళ్ళ ట్యాంకు నీడన మాట్లాడతాను. మొదటి రెండు శుక్రవారాలు మళ్ళీ పాత వరస. తిన్నవా, తిన్న. ఎండలెట్లున్నయి, మస్తున్నయి. ఫోన్‌లో మళ్ళీ ఫ్యాన్. మూడో శుక్రవారం ఆయన "ఇంకేంది" అన్నాక, "సరే మరి" అనబోయి ఆగాను.

"ఇయ్యాల... నిన్న ఏం దించిండ్రు బావా?"

"ఆఁ?"

"గోదాముల. ఏం సరుకు వచ్చింది?"

ఆయన తటపటాయించాడు. అది కూడా అడిగే సంగతేనా అన్నట్టు చూశాడు. "ఉల్లిగడ్డ" అన్నాడు. "మన దిక్కు నుంచే, నాసిక్ సంచులు. ఒక లారీల సగం మొలకలొచ్చినయి. మా సేటు మొత్తుకున్నడు." తర్వాత ఆ సంచులు ఎట్లా పేరుస్తారో, గాలి ఆడకపోతే ఏమవుతుందో, కొత్తగా వచ్చిన నేపాల్ అతను సంచులెత్తే యంత్రం నడపడం ఎట్లా నేర్చుకుంటున్నాడో చెప్పాడు. నేను మధ్యలో రెండు మూడు అడిగాను. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. పది నిమిషాలు దాటాక ఎవరో పిలిస్తే, "మళ్ళ చేస్త" అని పెట్టేశాడు.

మేడ మీద ఎండ కాళ్ళ దాకా వచ్చింది. ఇంకో క్లాసుంది. అది చెప్పి, దారిలో కూరగాయలు కొని, గదికి వచ్చి తాళం తీశాను. శనివారం ఒక్క రోజు గడిస్తే ఆదివారం, మళ్ళీ ఆ స్టేషన్ మైకు గొంతే.